‘నోట్ పంపాం, వెయ్యలేదేం?’

మీ ప్రశ్నలకు మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఆస్పత్రులు, కాలేజీలు, రొయ్యల ప్లాంట్ల తరఫున పత్రికలతో మాట్లాడే పీఆర్వోలు కొందరు రాశారు, వాళ్ల ఫోన్లు అందుకునే విలేకరి ఒకరు రాశారు. రాజమహేంద్రవరంలో జిల్లా డెస్కులో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని కాబట్టి జవాబులు నన్ను రాయమన్నారు. పేర్లు వద్దన్నారు గనుక ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పీఆర్వోగా చేరి ఏడాది కావస్తోంది. వారానికి రెండు మూడు ప్రెస్ నోట్లు అన్ని పత్రికలకూ వాట్సాప్‌లో పెడుతున్నాను. పదింట్లో ఒకటి పడితే గొప్ప, అదీ సింగిల్ కాలమ్. ఫోన్ చేస్తే ‘చూస్తామండి’ అంటారు. మా ఎండీ గారేమో పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుని ‘నోట్ పంపాం కదా, వెయ్యలేదేం?’ అని నిలదీస్తున్నారు. తప్పు ఎక్కడుంది? మచ్చుకి మూడు నోట్లు జత చేస్తున్నాను.
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మూడూ చదివానమ్మా. మొదటి నోటులో తొలి ఎనిమిది లైన్లు ఛైర్మన్ గారు, ఎండీ గారు, డైరెక్టర్లు, వారి డిగ్రీలు, ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన. తొమ్మిదో లైనులో ‘లంక గ్రామంలో ఉచిత గుండె వైద్య శిబిరం నిర్వహించడమైనది’ అని ఉంది. ఫొటోలో బ్యానరు, దాని ముందు వరసగా నిలబడ్డ పన్నెండు మంది. వైద్యం చేయించుకోవడానికి వచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

కానీ మీరే ఉత్తరం చివర, పెద్ద విషయం కాదన్నట్టుగా ఒక మాట రాశారు. ఆ లంకకు రోడ్డు లేదని, ఈసీజీ మిషన్‌ని టార్పాలిన్‌లో చుట్టి ఇద్దరు కుర్రాళ్లు పడవలో ఒళ్లో పెట్టుకుని దాటించారని, రేవు నుంచి ఇసుకలో అర కిలోమీటరు మోసుకెళ్లారని. అమ్మా, వార్త అదే! పడవలో ఆ మిషన్‌ని పట్టుకుని కూర్చున్న కుర్రాళ్ల ఫొటో ఒక్కటి ఫోన్లో తీసి పంపి ఉంటే వార్తలు దిద్దే ఏ సబ్ ఎడిటరూ పక్కన పెట్టలేడు. మీ దగ్గర వార్త లేక కాదు, వార్తను వదిలేసి మీ ఆఫీసులో వాళ్లను సంతోషపెట్టే కాగితం మాకు పంపుతున్నారు.

డెస్కులో మీ నోటు ఎలా చదువుతారో చెబుతాను. సాయంత్రం ఐదు దాటాక మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు, అంటే అక్కడి విలేకరులు, పంపే వార్తలు (మేం ఐటెంలంటాం) కుప్పగా వచ్చి పడతాయి. సబ్ ఎడిటర్ ఒక్కో దాని మీద అర నిమిషం కూడా పెట్టలేడు. మొదటి రెండు లైన్లు చూస్తాడు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, చదివేవాడికి దాంతో ఏం పని, ఇవి అక్కడే కనిపించాలి. రెండో ఇబ్బంది మరీ చిన్నది గానీ కొంప ముంచేది: మీరు నోటును లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి, దాన్ని ఫోన్‌తో ఫొటో కొట్టి పంపుతున్నారు. ఒక మూల ఫోను నీడ పడి రెండు పేర్లు కనపడవు. అది మళ్లీ మొదటి నుంచీ టైపు కొట్టుకోవాలి. డీటీపీకి వాడే అను ఫాంట్లలో కొట్టిన ఫైలు పంపినా అవతలి ఫోన్లో పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది. ఏ ఫోన్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్ తెలుగులో, మామూలు మెసేజ్‌గా, పదిహేను లైన్లకు మించకుండా పెట్టండి. ఫొటోలు విడిగా, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది. ఫొటోలో ఎవరున్నారో ఎడమ నుంచి కుడికి రాయండి. రోగి ఫొటో, పేరు మాత్రం ఆయనను అడగకుండా బయటికి పంపకండి, ఎంత మంచి వార్తయినా సరే.

ఇంకోటి, ఆ లంక కోనసీమ జిల్లా కిందకు వస్తుంది, మీరు నోటు పంపింది రాజమహేంద్రవరం ఆఫీసులకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చాలా పత్రికల్లో పేజీలూ విడిపోయాయి. అది అక్కడి మండల విలేకరికి వెళ్లాల్సిన ఐటెం. ఎవరు ఏ మండలం చూస్తారు, ఎవరు వైద్యం వార్తలు రాస్తారు అని ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. అందరికీ ఒకేసారి విసిరే నోటు ఎవరిదీ కాకుండా పోతుంది.

2022 జూలై గోదావరి వరద రోజులు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక, ఆ ఏడాది 25 లక్షలు దాటింది. లంకల్లో చిక్కుకున్నవాళ్ల కబురు తప్ప ఇంకేదీ మా తలకెక్కని రాత్రి అది. అప్పుడే ఒక సంస్థ నుంచి వార్షికోత్సవం నోటు వచ్చింది, అది అందిందా లేదా అని ఆరుసార్లు ఫోన్. అదే రాత్రి ఇంకో చిన్న ఆస్పత్రి నుంచి రెండే లైన్లు వచ్చాయి: పాముకాటు ఇంజెక్షన్లు మా దగ్గర ఉన్నాయి, రాత్రంతా డాక్టరు ఉంటారు, ఈ నంబరుకు చేయండి అని. అది చదవగానే పేజీలో పైన పెట్టాం. ఎవరూ రికమెండ్ చెయ్యలేదు. ఆ నోటు పంపినాయన ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మా వాళ్లు రెండో రింగులో ఎత్తేవారు.

ఎండీ గారికి ఈ పేజీ చూపించండి, పరవాలేదు. వారానికి మూడు నోట్లు ఆపి నెలకు రెండు పంపుదామనండి.

ప్రశ్న: భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తున్నాను. హెచ్‌ఆర్‌తో పాటు పీఆర్ కూడా నాదే. మా వాడకం నీళ్లు డ్రెయిన్‌లోకి వదులుతున్నామని పక్క ఊరివాళ్లు గేటు ముందు కూర్చున్నారు. ఒక విలేకరి రెండు రోజులు వరసగా ఫోన్ చేస్తే యాజమాన్యం ఎత్తొద్దంది. మూడో రోజు ‘వివరణ కోసం ప్రయత్నించగా స్పందించలేదు’ అని వార్త వచ్చేసింది. ఇప్పుడేమో ఎడిటర్‌తో మాట్లాడి ఆ విలేకరిని మార్పించమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది సార్.
– పాఠకుడు, భీమవరం

జవాబు: ఎడిటర్‌కి మాత్రం ఫోన్ చెయ్యకండి. నా మాట వినండి. ఆ ఫోన్ సంగతి సాయంత్రానికల్లా విలేకరికి తెలిసిపోతుంది, మర్నాటికి ఊరందరికీ తెలుస్తుంది, ‘వీళ్లు ఏదో దాస్తున్నారు’ అన్న అనుమానం కాస్తా ఖాయం అయిపోతుంది. ఆయన చేసింది ఆయన పని. రెండు రోజులు మీ మాట కోసం ఆగారు, అంతకంటే న్యాయంగా ఎవరుంటారు?

‘స్పందించలేదు’ అనే ఒక్క మాట చదివేవాడికి ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. యనమదుర్రు డ్రెయిన్ పక్కన బతికే ఊళ్లకు ఆ నీటి రంగు, ఆ వాసన ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లు ఆ లైను చదివి ‘ఒప్పుకున్నట్టే’ అనుకుంటారు. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరి రొయ్య ధర పడిపోతుంటే మీ పరిశ్రమ కష్టాన్ని, రైతు కష్టాన్ని జనానికి చెప్పింది కూడా ఈ విలేకరులే. అప్పుడు మీ గేట్లు తెరిచే ఉన్నాయి.

మీ యాజమాన్యానికి ఒక పాత సంగతి చెప్పండి. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే నోరు మెదపకపోవడం, విలేకరుల్ని దరిదాపులకు రానివ్వకపోవడం అప్పటి రైలు కంపెనీల అలవాటు. ఆ కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ అంతకుముందు విలేకరి. ఆయన వివరాలన్నీ తానే రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరుల్ని ప్రమాదం జరిగిన చోటికి తీసుకెళ్లే ఏర్పాటు చేయించాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చేసింది. ఇవాళ మనం ప్రెస్ నోట్ అంటున్నదానికి అదే మొదలని చెబుతారు. అంటే ప్రెస్ నోటు పుట్టిందే చెడ్డ వార్త చెప్పడానికి. సన్మానాలకూ శాలువాలకూ దాన్ని వాడటం మనం తర్వాత నేర్చుకున్నాం.

ఈ రోజే మీరు విలేకరికి ఫోన్ చెయ్యండి. ‘ఆ రెండు రోజులు ఎత్తకపోవడం మా తప్పండి’ అనే మాటతో మొదలుపెట్టండి. తర్వాత తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని, ఎప్పటిలోగా తెలుసుకుని చెబుతారో గంటతో సహా చెప్పండి. ఆ గంటకు సమాధానం దొరకకపోయినా ఫోన్ మాత్రం చెయ్యండి. ప్లాంటుకు రమ్మనండి. వాడిన నీళ్లను శుద్ధి చేసే ఈటీపీ నడుస్తోందో లేదో చూపించండి, శుద్ధి చేసిన నీళ్లు ఏ గొట్టం గుండా ఎక్కడికి వెళ్తున్నాయో ఆ చివరిదాకా నడిపించండి, కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన పరీక్ష ఫలితాల కాపీలు చేతిలో పెట్టండి. విలేకరిని పిలిచే ముందు మీరు ఒక్కరే, చెప్పాపెట్టకుండా, రాత్రి షిఫ్టులో వెళ్లి ఆ గొట్టం చివర నిలబడి చూడండి. అక్కడ ఊరివాళ్లు చెప్పేది నిజమని తేలితే ఇక అది పీఆర్ పని కాదు. ముందు ఆ నీళ్లు ఆపాలి. ఆ మాట యజమాని ముందు చెప్పగలిగేది ఆఫీసులో బహుశా మీరొక్కరే. కష్టమని నాకు తెలుసు, ఉద్యోగం సంగతి కూడా. అయినా చెప్పాలి. అబద్ధానికి మీ నోరు వాడుకోనిస్తే ఈ జిల్లాలో మీ ఫోన్ ఇంకెవరూ నమ్మరు, రేపు మీరు కంపెనీ మారినా సరే.

వార్తలో నిజంగా తప్పుంటే ‘నిరాధారం, ఖండిస్తున్నాం’ అని గాల్లో రాయకండి. ఫలానా పేరాలో ఫలానా అంకె తప్పు, సరైనది ఇది, ఆధారం ఇదిగో అని రాసి ఇవ్వండి, వేస్తారు. వెయ్యకపోతే అప్పుడు ఎడిటర్‌కి ఉత్తరం రాయండి, ఆ పైన పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఉండనే ఉంది. మరొకటి, అంతా చెప్పేశాక చివర్లో ‘ఇది ఆఫ్ ది రికార్డ్ అండి, రాయొద్దు’ అంటే చెల్లదు. నోరు విప్పకముందే ఇద్దరూ ఒప్పుకోవాలి.

ప్రశ్న: మా కాలేజీలో ప్రెస్ మీట్ పెడితే వచ్చినవాళ్లకు పెట్రోలు ఖర్చులకని కవర్లు ఇవ్వడం ఆనవాయితీ. మొన్న ఒకావిడ తీసుకోకుండా వెళ్లిపోయారు. కోపం వచ్చిందంటారా? ఎక్కువ పెట్టాల్సిందా?
– పీఆర్వో, అమలాపురం

జవాబు: కోపం కాదండీ, ఆవిడ తన పని తాను కాపాడుకున్నారు. కవర్లు పూర్తిగా మానెయ్యండి, ఈ నెల నుంచే. మండలాల్లో విలేకరులకు వచ్చేది ఎంతో నాకు బాగా తెలుసు. చాలామంది పక్కన ఇంకో పని చేసుకుంటేగానీ ఇల్లు గడవదు, పైగా పత్రికకు యాడ్లు తేవాలన్న టార్గెట్లు. ఆ ఇబ్బంది నిజం. కానీ దాన్ని మీ కవరు తీర్చదు. అది తీసుకున్నవారిని తలవంచుకునేలా చేస్తుంది, తీసుకోనివారిని మీ గేటు దాకా రానివ్వదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి లంచాల మీద రాసిన గోదావరి సీమ ఇది, కనీసం ఆ మర్యాదైనా మనం నిలుపుకోవాలి. యాడ్ ఇవ్వాలనుకుంటే యాడ్ విభాగానికి రాసి, బిల్లు తీసుకుని ఇవ్వండి. అది యాడ్ అని చదివేవాడికి తెలిసేలా పడాలి. డబ్బిచ్చి వేయించుకున్నదాన్ని వార్తలా చూపకూడదని ప్రెస్ కౌన్సిల్ ఎప్పటి నుంచో చెబుతోంది.

వచ్చినవాళ్లకు టీ, టిఫిన్ పెట్టండి, అది మన పద్ధతి, తప్పులేదు. అంతకంటే పదకొండు గంటలని చెప్పి పదకొండుకే మొదలుపెడితే అందరూ సంతోషిస్తారు. ప్రిన్సిపాల్ గారు చదివేసి లేచి వెళ్లిపోయే ప్రెస్ మీట్ అయితే అసలు పెట్టకండి, నోటు పంపితే చాలు. ప్రశ్నలు అడగనిచ్చేదే ప్రెస్ మీట్. ర్యాంకుల సంగతి కూడా ఒక మాట: ‘మాదే మొదటి ర్యాంకు’ అన్నప్పుడు హాల్‌టికెట్ నంబరుతో సహా చూపించగలిగితేనే అనండి. అదే పిల్లాణ్ని మూడు కాలేజీలు మావాడంటే మేం ఫోన్లు చేసి తేల్చుకున్న రాత్రులు ఉన్నాయి.

ప్రశ్న: నేను అవతలి వైపు మనిషిని, కంట్రిబ్యూటర్‌ని. పీఆర్వోలు ‘వేసే ముందు ఒకసారి ఐటెం చూపించండి’ అంటున్నారు. చూపించొచ్చా?
– విలేకరి, రావులపాలెం

జవాబు: ఐటెం చూపించొద్దు. అంకెలు, పేర్లు, వాళ్లు అన్న మాటలు మాత్రం ఫోన్లో చదివి వినిపించి సరిచూసుకోండి, ఆ హక్కు వాళ్లకుంది. పీఆర్వోలకూ ఇదే చెబుతున్నాను, ‘చూపించండి’ అనకుండా ‘అంకెలు ఒకసారి సరిచూసుకుందామా’ అనండి. ఆ మాటకు కాదనే విలేకరిని నేను చూడలేదు.

ప్రశ్న: లేసు అల్లే ఆడవాళ్లం ఇరవై మందిమి సంఘం పెట్టుకున్నాం. మాకు పీఆర్ అంటూ ఎవరూ లేరు. పేపర్లో రావాలంటే ఎవరిని పట్టుకోవాలి?
– పాఠకురాలు, నరసాపురం

జవాబు: ఎవరినీ పట్టుకోనక్కర్లేదమ్మా. మీ మండలం విలేకరి నంబరు పేపరు ఏజెంటు దగ్గరే దొరుకుతుంది. నరసాపురం లేసుకు మిషనరీల కాలం నుంచీ చరిత్ర ఉందని చెప్పకండి, అది వాళ్లు చాలాసార్లు రాశారు. ఒక టేబుల్ క్లాత్ అల్లడానికి మీకు ఎన్ని రోజులు పడుతుంది, దారం ఎంతకు కొంటున్నారు, షావుకారు చేతిలో పెట్టేదెంత, సంఘం పెట్టాక ఆ లెక్క ఎంత మారింది, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. అల్లిన ముక్క ఒకటి, సగం అల్లింది ఒకటి సంచిలో పెట్టుకోండి. ఫొటో తియ్యడానికి వస్తే బ్యానరు కట్టకండి. పొద్దుటి వెలుతురు పడే అరుగు మీద, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని అల్లుకోండి.