ఎవరూ తగలకుండానే తొడ వెనక పట్టేస్తోందా?
పర్లాకిమిడిలో మీ ఫుట్‌బాల్ టీమ్ వింగర్‌ని (మైదానం అంచున ఆడేవాణ్ని) ఎవరూ తాకకుండానే, పరుగు మధ్యలో తొడ వెనక పట్టుకుని కూలబడ్డాడు, అదీ ఈ సీజన్‌లో రెండోసారి అంటున్నారంటే, స్ట్రెచింగ్ తక్కువై కాకపోవచ్చు. వేగంగా పరిగెత్తేటప్పుడు కాలు ముందుకు వెళ్తుంటే హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) సాగుతూనే బ్రేక్ వేయాలి. ఆ బలం చాలట్లేదు, పైగా పాత గాయం.

1. ముందు ఫిజియోకి చూపించండి, ఆయన సరే అన్నాకే మిగతావి.

2. నార్డిక్, అంటే ఆ కండరానికి బలం పెంచే వ్యాయామం. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక ఒకరు చీలమండలు నేలకు అదిమి పట్టాలి, మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి మెల్లగా ముందుకు వాలి చివర్లో చేతులు ఆనించాలి. మొదట్లో 3 నుంచి 5 సార్లు చాలు. అందరూ తప్పేది ఇక్కడే: నడుము దగ్గర వంగిపోతారు, లేదా దబ్బున పడిపోతారు. మెల్లగా దిగడమే అసలు వ్యాయామం. మొదటి వారం తొడలు సలుపుతాయి, మా రాయగడ కుర్రాళ్లు అక్కడే మానేశారు, మీరు మానకండి. సూదిపోటులా వస్తే మాత్రం ఆపేయాలి. మ్యాచ్ ముందురోజు వద్దు.

3. ఫుల్ స్పీడ్ పరుగులు ప్రాక్టీస్‌లోనే కొద్దికొద్దిగా పెంచండి, నేరుగా మ్యాచ్‌లో కాదు.

4. వార్మప్‌కి ఫిఫా 11 ప్లస్ (గాయాలు తగ్గించడానికి ఫిఫా తయారుచేసిన వ్యాయామాల వరస), 20 నిమిషాలు.