తలంబ్రాలకు గీతలెందుకు పడ్డాయి?

ప్రశ్న: మా అక్క పెళ్లి 2004లో అయింది. అప్పటి మినీ డీవీ క్యాసెట్లను ఈమధ్యే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. గంట క్యాసెట్ 13 జీబీ దాకా వచ్చింది. ల్యాప్‌టాప్‌లో చూస్తే ఎవరు కదిలినా అడ్డగీతలే. తలంబ్రాల సీను మరీ ఘోరం. అప్పట్లో ఇచ్చిన డీవీడీని మా పాత డబ్బా టీవీలో వేస్తే మాత్రం గీతలు లేవు. ఏదో యాప్‌లో ఎంపీ4గా మారిస్తే గీతలు పోయాయి గానీ, బొమ్మ ఆగి ఆగి నడుస్తున్నట్టుంది. ఏం చేయాలి?
– నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: టెన్షన్ పడకండి, మీ క్యాసెట్లకు ఏమీ కాలేదు. ఆ కెమెరా వీడియో తీసే పద్ధతే అంత. అది సెకనుకు 25 పూర్తి బొమ్మలు తీయదు, 50 సగం బొమ్మలు తీస్తుంది. ముందు ఒక గీత విడిచి ఒక గీత చొప్పున 288 గీతలు, సెకనులో యాభయ్యో వంతు గడిచాక మధ్యలో వదిలేసిన మిగతా 288. ఈ సగం బొమ్మను ఫీల్డ్ అంటారు. రెండు ఫీల్డులు కలిస్తే 576 గీతల ఫ్రేమ్. ఇదే ఇంటర్లేస్డ్ వీడియో. డబ్బా టీవీ ఈ ఫీల్డులను ఒకదాని తర్వాత ఒకటిగా గీసేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ల్యాప్‌టాప్ రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది.

పెళ్లికొడుకు దోసిలి పైకెత్తిన చోట వీడియో ఆపి, బొమ్మ పెద్దది చేసి చూడండి. చేతిలో కొబ్బరిబోండం పట్టుకుని కదలకుండా నిలబడ్డ మేనమామ శుభ్రంగా కనిపిస్తాడు. దోసిలి అంచు మాత్రం దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది. జారే బియ్యపు గింజ ఒక్కటే అయినా రెండు చోట్ల చారలుగా కనిపిస్తుంది. ఆ యాభయ్యో వంతు సెకనులో గింజ కిందికి జారిపోయింది మరి.

మీ యాప్ చేసిన పని ఏమై ఉంటుందంటే, రెండు ఫీల్డుల్లో ఒకదాన్ని పారేసి, లేదా రెండింటినీ కలిపేసి, సెకనుకు 25 ఫ్రేములు ఇచ్చి చేతులు దులుపుకుంది. గీతలతోపాటు సగం కదలిక కూడా పోయింది. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఫైల్‌లో 25 అని రాసి ఉంది కదా, 25 వస్తే చాలదా అని. చాలదు. మీ క్యాసెట్‌లో సెకనుకు 50 వేర్వేరు క్షణాలున్నాయి. ఒక్కో ఫీల్డును ఒక్కో పూర్తి బొమ్మగా మార్చి 50 ఫ్రేముల ప్రోగ్రెసివ్ వీడియో తీసుకోవాలి.

వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ అవసరానికి సరిపోతుంది. ఫిల్టర్స్‌లో ఇంటర్లేస్ డిటెక్షన్ ఆఫ్ చేసి, డీఇంటర్లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్, దాని ప్రీసెట్‌లో బాబ్ (ఒక్కో ఫీల్డుకు ఒక్కో ఫ్రేమ్ ఇచ్చే పద్ధతి) ఎంచుకోండి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేటు 50, కాన్‌స్టంట్ అని పెట్టండి. డీకోంబ్ జోలికి వెళ్లొద్దు, అది అక్కడక్కడా గీతలున్న వీడియోలకు. గంట క్యాసెట్ మొత్తం ఇవ్వకుండా ముందు తలంబ్రాల ముక్క అరనిమిషం మార్చి చూసుకోండి. పట్టుచీర జరీ అంచు మెరమెరలాడుతూ వణికితే, ఇంకా మంచిది కావాలనిపిస్తే గీతలు తీసే క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్ ఉంది. పక్క ఫీల్డుల్లోని కదలికను కూడా లెక్కగట్టి బొమ్మ తయారు చేస్తుంది. హైబ్రిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. చాలా నెమ్మది, రాత్రి పెట్టి పడుకోవాల్సిందే. అక్క పెళ్లి కాబట్టి ఆ కరెంటు ఖర్చు దండగ కాదంటాను.

మార్చాక బొమ్మ రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు వణికితే ఫీల్డ్ ఆర్డర్, అంటే ఏ ఫీల్డ్ ముందు రావాలన్న వరుస, తిరగబడిందని అర్థం. డీవీ క్యాసెట్‌లో కింది ఫీల్డ్ ముందు వస్తుంది. డీవీడీలు, ఆ తర్వాత వచ్చిన 1080ఐ (1080 గీతల ఇంటర్లేస్డ్) కెమెరాల్లో ఎక్కువగా పై ఫీల్డ్ ముందు. ఫైల్‌లో ఏమని రాసి ఉందో మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది.

సైజు పెంచే పని చివర్లోనే. ఈ తప్పు నేనే చేశాను. మా ఇంటి గృహప్రవేశం వీడియోను ముందు పెద్దది చేసి, తర్వాత గీతలు తీయబోయాను. అప్పటికే రెండు ఫీల్డుల గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఏ ఫిల్టరూ విడదీయలేకపోయింది. పైగా ఒరిజినల్ డిలీట్ చేసి కూర్చున్నాను. మీరు ఆ 13 జీబీ ఫైళ్లను ఒక హార్డ్ డిస్కులో అలాగే ఉంచండి.

యూట్యూబ్‌లో పెట్టి బంధువులకు లింకు పంపాలనుకుంటే, గీతలు తీశాక 1440x1080కి పెంచి ఎక్కించండి. అక్కడ ఎత్తు 720 గీతలకు తక్కువైతే 50 ఫ్రేములు నిలవవు, మళ్లీ మొదటికొస్తుంది. ఊరికే చూసుకోవడానికైతే ఇదంతా అక్కర్లేదు, వీఎల్‌సీ ప్లేయర్‌లో డి (D) అక్షరం నొక్కితే గీతలు పోతాయి.

ప్రశ్న: అమెరికాలో కొన్న పాత తెలుగు సినిమా డీవీడీలను కంప్యూటర్‌లో దాచుకుంటున్నాను. వీటికీ బాబ్ వాడాలా?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్ మీద. అక్కడి ఎన్‌టీఎస్‌సీ టీవీకి సరిపడేలా కొన్ని ఫీల్డులను రెండుసార్లు వాడి 29.97 చేస్తారు. కదలిక ఉన్న సీనులో ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరిపి చూడండి. మూడు శుభ్రంగా, రెండు గీతలతో, మళ్లీ మూడు శుభ్రంగా వస్తుంటే హ్యాండ్‌బ్రేక్‌లో డీటెలిసిన్ పెట్టి, ఫ్రేమ్ రేటు 23.976 ఇవ్వండి. అసలు ఫ్రేములు అలాగే బయటికొస్తాయి. అలా కాకుండా ఒకదాని మీద ఒకటి నీడల్లా రెండు బొమ్మలు కనిపిస్తే, అది ఇక్కడి టీవీ పద్ధతి పాల్‌లో ఉన్న కాపీని ఎన్‌టీఎస్‌సీగా మార్చిన డిస్క్ అయ్యుండొచ్చు. దాంతో కుస్తీ పట్టేకన్నా, ఈసారి ఊరికొచ్చినప్పుడు అదే సినిమా పాల్ డిస్క్ దొరుకుతుందేమో చూడండి.