లాటరీ సంగతి పక్కన పెట్టి, ఆఫర్ లెటర్ మీద తేదీ చూడండి

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో సివిల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేస్తోంది. అక్కడే ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఫిబ్రవరిలో ఆఫర్ వచ్చింది, ఆగస్టులో చేరాలి. ‘హెచ్-1బీ లాటరీలో పేరు రాకపోతే ఇంటికి వచ్చేయాలి, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లమను’ అని మా బావమరిది ఒకటే గొడవ. ఆఫర్ లెటర్‌లో వీసా గురించి ఒక్క వాక్యమే ఉంది. డిసెంబర్‌లో ఇక్కడ పెళ్లి కూడా అనుకుంటున్నాం. సంతకం పెట్టమనమంటారా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ బావమరిది చెబుతున్నది కంపెనీల సంగతండీ. ఏడాదికి 65 వేల హెచ్-1బీ ఉద్యోగ వీసాలు, అక్కడ మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ చేసినవాళ్లకు మరో 20 వేలు అనే పరిమితి, దాని కోసం తీసే లాటరీ యూనివర్సిటీలకు వర్తించవు. 2000లో వచ్చిన చట్టం వాటికి ఆ మినహాయింపు ఇచ్చింది. యూనివర్సిటీ ఏ నెలలోనైనా హెచ్-1బీకి దరఖాస్తు చేయొచ్చు. లాటరీకి భయపడి సాఫ్ట్‌వేర్‌లోకి వెళితే, లేని లాటరీలోకి మనమే వెళ్లినట్టు. పైగా ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి) కింద ఏడాది, సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపుతో మరో రెండేళ్లు పనిచేసే వీలుంది. కాబట్టి ఆగస్టులో చేరడానికి హెచ్-1బీ చేతిలో ఉండాల్సిన పని లేదు.

అయితే ముందు ఆ యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందో చూడండి. టెక్సస్ గవర్నర్ 2026 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు ప్రత్యేక అనుమతి లేకుండా 2027 మే 31 వరకు కొత్త హెచ్-1బీ పిటిషన్లు వేయకూడదు. ఫ్లోరిడా గవర్నర్ కూడా 2025 అక్టోబర్‌లోనే అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో హెచ్-1బీ నియామకాలను ఆపేయమన్నారు. ఆఫర్ ఈ రెండు రాష్ట్రాల్లోనిదైతే సంతకానికి ముందు చాలా మాట్లాడాల్సి ఉంటుంది.

మిగతా రాష్ట్రమేదైనా, నా దృష్టి ఆ ఒక్క వాక్యం మీదే ఉంటుంది. ‘యూనివర్సిటీ నిబంధనల మేరకు వీసా విషయంలో సహకరిస్తాం’ అన్నట్టుగా ఉండుంటుంది. దాన్లో హెచ్-1బీ ఉందేమో గానీ, గ్రీన్‌కార్డు మాట లేదు. అసలు అడగాల్సింది అదే.

ఎందుకో చెబుతాను. మామూలు కంపెనీ గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్ (లేబర్ డిపార్ట్‌మెంట్ అనుమతి) పెట్టాలంటే, కనీస అర్హతలున్న అమెరికన్ ఎవరూ దొరకలేదని చూపించాలి. కాలేజీ అధ్యాపకుల విషయంలో అలా కాదు. వచ్చినవాళ్లందరిలో ఈ అమ్మాయే మేటి అని చూపిస్తే చాలు. దీన్ని స్పెషల్ హ్యాండ్లింగ్ అంటారు. కానీ ఎంపిక జరిగిన రోజు నుంచి 18 నెలల్లోపు దరఖాస్తు పడాలి. చేరిన రోజు నుంచి కాదు, ఎంపిక రోజు నుంచి! మీ అమ్మాయికి ఫిబ్రవరిలో ఆఫర్ వచ్చింది కదా, ఆగస్టులో ఆమె క్లాసులోకి అడుగుపెట్టేసరికే ఆరు నెలలు అయిపోతాయి. మిగిలిన ఏడాదిలో జీతం ఎంత ఉండాలో లేబర్ డిపార్ట్‌మెంట్ తేల్చి చెప్పడానికే నెలలు పడుతుంది. ఉద్యోగ ప్రకటన జాతీయ స్థాయి ప్రొఫెషనల్ జర్నల్‌లో వచ్చినట్టు రుజువు కావాలి. వెబ్‌సైట్‌లో పెడితే కనీసం 30 రోజులు ఉన్నట్టు చూపాలి.

నా దగ్గరకొచ్చిన ఒకబ్బాయి విషయంలో డిపార్ట్‌మెంట్ హెడ్ ‘మొదటి ఏడాది బాగా పాఠాలు చెప్పు, తర్వాత చూద్దాం’ అన్నారట. మంచి మనసుతోనే అన్నారు. ఆయనకు 18 నెలల సంగతి తెలియదు, మనవాడు మొహమాటపడి అడగలేదు. గడువు దాటాక అదే పోస్టుకు మళ్లీ ప్రకటన వేయాల్సి వచ్చింది. తన ఉద్యోగానికి తనే మళ్లీ పోటీ పడటమంటే ఎంత టెన్షనో ఊహించండి.

భారత్‌లో పుట్టినవాళ్లకు ఇంకో లెక్క. ఆ దరఖాస్తు పడిన తేదీయే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన నంబరు. ఈబీ-2లో (పై చదువులున్నవాళ్ల గ్రీన్‌కార్డు కేటగిరీ) మనవాళ్ల క్యూ పదేళ్లు దాటింది. మూడేళ్ల పరిశోధన, బోధన అనుభవం వచ్చాక ఈబీ-1బీలో (పేరున్న ప్రొఫెసర్లు, పరిశోధకుల కేటగిరీ) యూనివర్సిటీయే పిటిషన్ వేయొచ్చు, దానికి లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదు. ఈబీ-2 పిటిషన్ అప్పటికే ఆమోదం పొంది ఉంటే ఆ పాత ప్రయారిటీ డేట్ ఇక్కడికీ పనికొస్తుంది. అందుకే మొదటి దరఖాస్తు ఒక నెల ముందు పడినా లాభమే.

ఇక పెళ్లి. 2025 సెప్టెంబర్ 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్నారు, యూనివర్సిటీలనూ వదల్లేదు. అక్కడే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవాళ్లకు ఆ ఫీజు లేదు. కానీ ఆ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే హోదా మార్పు రద్దయినట్టే. కాబట్టి అమ్మాయి పాస్‌పోర్టులో ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టాంపు తేదీ చూడమనండి. మనవాళ్లకు మామూలుగా ఐదేళ్లకు ఇస్తారు, పీహెచ్‌డీ అయ్యేసరికి చాలామందికి అది అయిపోతుంది. జనవరి దాకా ఉంటే పెళ్లికి వచ్చి వెళ్లాకే హెచ్-1బీ వేయించుకోమనండి. అయిపోయి ఉంటే తిరిగి వెళ్లడానికి ఇక్కడ కొత్త స్టాంపు వేయించుకోవాలి కాబట్టి డిసెంబర్ ముహూర్తం పెట్టకండి. 2025 డిసెంబర్‌లో హెచ్-1బీ స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు ఉన్నట్టుండి నెలల తరబడి వాయిదా పడి ఎంతోమంది ఇక్కడే ఇరుక్కుపోయారు. జనవరిలో క్లాసులు మొదలయ్యే టీచర్‌కు అది కుదిరే పని కాదు. వేసవి సెలవుల్లో ముహూర్తం చూసుకుంటే స్టాంపింగ్‌కు కాస్త వ్యవధి దొరుకుతుంది.

సంతకానికి ముందే డిపార్ట్‌మెంట్ హెడ్‌కు మెయిల్ పెట్టి, ఇంటర్నేషనల్ ఆఫీస్‌కు కాపీ పంపమనండి. హెచ్-1బీ ఎప్పుడు వేస్తారు, గ్రీన్‌కార్డు దరఖాస్తు 18 నెలల్లోపు వేస్తామని ఆఫర్ లెటర్‌లో రాసిస్తారా, ప్రకటన కాపీలు ఎవరి దగ్గర ఉన్నాయి అని అడిగితే చాలు. లేబర్ సర్టిఫికేషన్ లాయర్ ఖర్చు చట్టప్రకారం యూనివర్సిటీయే భరించాలి, మనల్ని కట్టమనకూడదు. జవాబు రావడానికి సంతకం గడువు ఓ వారం పొడిగించమన్నా తప్పుగా అనుకోరు, అక్కడ ఇది రోజూ జరిగేదే.