లేజర్‌తో వెంట్రుకలు తీయించుకుంటే ఇప్పటికీ అంత మంట పుడుతుందా?

మీ అక్క చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో లేజర్ మొదలుపెట్టి, మంటకు తట్టుకోలేక మధ్యలోనే మానేసిందని రాశారు. మీకేమో పీసీఓడీ అనే హార్మోన్ల సమస్య వల్ల గడ్డం కింద గట్టి వెంట్రుకలు వస్తున్నాయి, మాఘంలో పెళ్లి. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా, అంత నొప్పి ఓర్చుకోగలనా, హన్మకొండలోనే చేయించుకోవాలా, హైదరాబాద్ పోవాలా అన్నది మీ టెన్షన్. నాదీ పీసీఓడీయే. ఉండేది హన్మకొండలో, ఇంటర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. కొన్నాళ్లు పాత మెషీన్ మీద, మధ్యలో ఆపేసి మళ్లీ కొన్నాళ్లు కొత్త మెషీన్ మీద చేయించుకున్నాను కాబట్టి తేడా ఎక్కడుందో తెలుసు.

నొప్పి బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. పాత మెషీన్ దగ్గర ఒక్కో ఫ్లాష్‌కూ పోపులో ఆవగింజ చిట్లి మీద పడ్డట్టు ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు చాలావరకు వెచ్చగా ఉంటుంది, గట్టి వెంట్రుక ఉన్నచోట చురుక్కుమంటుంది. పై పెదవి దగ్గర మాత్రం ఇప్పటికీ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు.

అసలు నొప్పి ఎందుకో తెలిస్తే మీకు సగం భయం పోతుంది. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ లేజర్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. ఏ రంగు కాంతిని, ఎంతసేపు వదిలితే పక్కనున్న చర్మాన్ని కాల్చకుండా అనుకున్నదాన్నే వేడెక్కించవచ్చో 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికా డాక్టర్లు వివరించారు. ఇప్పటి మెషీన్లన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. వెంట్రుకలు తీసే లేజర్లు 1990ల మధ్యలో అక్కడ మార్కెట్లోకి వచ్చాయి. చిక్కేమిటంటే, ఆ మెలనిన్ మన చర్మంలోనూ ఉంది, అదీ దండిగా. తొలినాటి రూబీ లేజర్ 694 నానోమీటర్ల కాంతి (అది కాంతి అల పొడవు) తెల్లతోలు, నల్లజుట్టు ఉన్నవాళ్లకు సరిపోయింది. మనలాంటి చామనఛాయ చర్మం మీద పడితే కుదురు దాకా పోకముందే సగం వేడిని పైచర్మమే తాగేస్తుంది. ఆ మంట చర్మం కాలుతున్న మంట. మీ అక్కకు ఓర్పు లేదని ఇంట్లో ఎవరైనా అనుంటే ఈ ముక్క చదివి వినిపించండి.

తర్వాత 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్, 810కి అటూఇటుగా డయోడ్, 1064తో ఎన్‌డీ యాగ్ అనే లేజర్లు వచ్చాయి. ఈ అంకె పెరిగేకొద్దీ కాంతి లోతుకు దిగుతుంది, పైచర్మంలోని మెలనిన్ దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. అందుకే నలుపు ఎక్కువున్న చర్మానికి ఎన్‌డీ యాగ్ అన్నిటికన్నా క్షేమం అంటారు. కానీ చురుకు దానిదే ఎక్కువ. నాకు డాక్టర్ మేడమ్ ఎన్‌డీ యాగ్, డయోడ్ రెండూ చెవి దగ్గర కొద్ది చోట పెట్టి చూపించారు. యాగ్ లోపల ఎముక దాకా గుచ్చినట్టనిపించింది. నా రంగుకు డయోడ్ సరిపోతుందని దానితోనే చేశారు. మీ రంగు నాకన్నా ముదురైతే వాళ్లు యాగే చెప్పొచ్చు, అప్పుడు కొంచెం ఎక్కువ ఓర్చుకోవాల్సి వస్తుంది.

నా లెక్కన హాయి అనేది చల్లదనం వల్ల వచ్చింది. ఇప్పటి డయోడ్ హ్యాండ్‌పీస్ (చేత్తో పట్టుకుని చర్మానికి ఆనించే భాగం) కొసన ఒక సఫైర్ బిళ్ల ఉంటుంది. కాంతిని అడ్డుకోదు, వేడిని మాత్రం చటుక్కున లాగేస్తుంది. దాన్ని మెషీన్ లోపలి నుంచే మంచులా చల్లబరుస్తారు. ముఖానికి ఆనగానే ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసు చెంపకు తగిలించినంత చల్లగా ఉంటుంది. ఫ్లాష్‌కు ముందూ వెనుకా పైచర్మం చల్లగానే ఉంటుంది కాబట్టి వేడంతా లోపల కుదురు దగ్గరే ఉండిపోతుంది. కొన్ని మెషీన్లలో ఫ్లాష్‌కు ఒక్క క్షణం ముందు చల్లటి స్ప్రే కొడతారు, కొన్నిచోట్ల గొట్టంతో చల్లగాలి ఊదుతారు. పద్ధతి ఏదైనా పని ఒకటే: నొప్పీ తగ్గుతుంది, చర్మమూ కాలదు. అందుకే ఎక్కువ పవర్ పెట్టడానికి వాళ్లకు ధైర్యం వస్తుంది.

కానీ ఆ బిళ్ల చర్మానికి పూర్తిగా ఆనాలి. గడ్డం ఎముక మీద వంపు ఉంటుంది కదా, అక్కడ ఒక అంచు లేస్తే ఆ అంచు దగ్గరే కాలుతుంది. నాకు చేసే అమ్మాయి ప్రతి చోటా ఒత్తిపట్టి "చల్లగుందా అక్కా?" అని అడిగి, ఊ అన్నాకే బటన్ నొక్కేది. ఒకసారి ఆమె సెలవులో ఉంటే ఇంకొకరు చేశారు. ఫోన్ చెవి కింద పెట్టుకుని మాట్లాడుతూనే హ్యాండ్‌పీస్ తిప్పారు. అదే మెషీన్, అదే సెట్టింగ్, అయినా దవడ కింద ఎర్రటి గీత పడి నల్లమచ్చగా మారి, మెల్లగా కొన్ని నెలలకు పోయింది. మెషీన్ పేరు అడిగినట్టే, చేసే చెయ్యి ఎవరిదో కూడా అడగండి.

రెండో మార్పు ఫ్లాష్‌లు కొట్టే తీరులో వచ్చింది. పాతవి ఒక్కో చోట ఒక్క పెద్ద దెబ్బ కొట్టేవి. ఇప్పుడు చాలా డయోడ్‌లలో తక్కువ శక్తి ఫ్లాష్‌లు సెకనుకు పది దాకా వేస్తూ, జెల్ రాసిన చర్మం మీద హ్యాండ్‌పీస్‌ను ఆపకుండా అటూఇటూ జరుపుతారు. వేడి కొద్దికొద్దిగా పేరుకుంటుంది. ఒక్కసారిగా ఉలిక్కిపడేది ఉండదు, చివర్లో మాత్రం గట్టిగానే వెచ్చబడుతుంది. నా చేతులకు ఇలా చేస్తుంటే కునుకు పట్టింది, నిజం. కొన్ని మెషీన్లు చర్మాన్ని లోపలికి పీల్చి పట్టుకుంటాయి, దానివల్ల కూడా నొప్పి తక్కువ తెలుస్తుంది.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా బోర్డుల మీద 'నొప్పి లేని లేజర్' అని కనిపిస్తుంది. పవర్ బాగా తగ్గించేస్తే ఏ మెషీనైనా నొప్పి పెట్టదు, వెంట్రుకా ఊడదు. కదిలించే పద్ధతిలో ఒకే చోట ఎన్నిసార్లు తిప్పారన్న దాన్నిబట్టి మొత్తం వేడి ఉంటుంది. తొందరపడి రెండు చుట్లు తిప్పి తుడిచేస్తే మీకు హాయిగానే ఉంటుంది, డబ్బులు మాత్రం వృథా. పైగా మనలాంటి వాళ్లకు ఇంకో బాధ ఉంది. పీసీఓడీ ఉన్నవాళ్లలో, దక్షిణాసియా చర్మాల మీద, ముఖ్యంగా దవడ, మెడ దగ్గర, లేజర్ తర్వాత కొందరికి వెంట్రుకలు తగ్గకపోగా ఎక్కువవుతాయి. చాలని వేడి కుదుర్లను చంపకుండా నిద్రలేపడం దీనికి ఒక కారణమని డాక్టర్లు అనుమానిస్తారు. కాబట్టి చెంప మీది నూగు కూడా పోతుంది, చేసేద్దాం అంటే వద్దనండి. గట్టి నల్ల వెంట్రుకలున్న చోటు వరకే చేయించుకోండి.

చేసినరోజు వెంట్రుక మొదళ్ల చుట్టూ చిన్న ఎర్రటి పొక్కుల్లా లేచి కొన్ని గంటల్లోనో మర్నాటికో తగ్గితే అది మంచి గుర్తే, కుదురుకు వేడి తగిలిందని అర్థం. నీటి బొబ్బ వస్తే కాదు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి. చేస్తున్నప్పుడు ఓర్చుకునే చురుకు వేరు, ఫ్లాష్ అయిపోయాక కూడా మండుతూనే ఉండటం వేరు. రెండోది ఉంటే మొహమాటపడకుండా ఆపమనండి.

చర్మాన్ని మొద్దుబార్చే నంబింగ్ క్రీమ్ గురించి కూడా అడిగారు. పై పెదవికి, గడ్డానికి డాక్టర్ చెప్పి రాస్తే సరే, చిన్న చోటు. కాళ్లంతా మీరే కొనుక్కుని రాసుకుని, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని బయల్దేరడం మాత్రం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. అమెరికాలో ఇద్దరు యువతులు సరిగ్గా అలాగే లేజర్‌కు ముందు కాళ్లకు పూసుకుని చుట్టుకుని, మందు రక్తంలోకి ఎక్కువగా చేరి చనిపోయారు. 2007లో అక్కడ మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. పైగా పూర్తిగా మొద్దుబారిపోతే చర్మం కాలుతున్నా మీకు తెలియదు. చల్లదనం బాగున్న మెషీన్ దగ్గర నాకు గడ్డానికి క్రీమ్ అవసరమే రాలేదు.

ముందు రోజు షేవ్ చేసుకోమంటారు. నొప్పి తగ్గడంలో దీనికి చాలా వాటా ఉంది: చర్మం పైన వెంట్రుక మిగిలితే అది అక్కడే మాడి చురుక్కుమనిపిస్తుంది, గదిలో కాలిన జుట్టు వాసన గుప్పుమంటుంది. మా ఇంట్లో మాత్రం రేజర్ చూసి అత్తమ్మ గుండెలు బాదుకుంది. "ఆడపిల్ల గడ్డం గీసుకునుడేంది, మగోళ్ల లెక్క వస్తది" అని. షేవ్ చేస్తే వెంట్రుక లావెక్కదు, మొన కోసుకుపోయి గరుకుగా తగులుతుంది, అంతే. ఈ మాట ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, చివరికి బాత్రూమ్ తలుపేసుకుని గీసుకోవడమే సుఖమనిపించింది. థ్రెడింగ్, వ్యాక్సింగ్, పట్కారుతో పీకడం మాత్రం కనీసం నాలుగు వారాల ముందు నుంచీ మానేయాలి. కుదురులో వెంట్రుకే లేకపోతే కాంతిని పట్టుకునేదేముంటుంది? నిజం చెప్పాలంటే లేజర్ మంటకన్నా ఈ వారాలే నాకు కష్టంగా గడిచాయి. క్లాసులో ముందు బెంచీ పిల్లలు గడ్డం వైపే చూస్తున్నారనిపించేది.

ఇంకొకటి, ముఖం మీద పసుపు ఉండకూడదు. శుక్రవారం స్నానం చేసి పసుపు రాసుకుని వెళ్తే ఆ అమ్మాయి దూది తడిపి, పసుపు రంగు దూదికి అంటకుండా పోయేదాకా తుడుస్తూనే ఉంది. క్రీమ్, మేకప్ కూడా అంతే. చేయించుకున్నాక కొన్ని రోజులు నలుగు పెట్టి రుద్దొద్దు.

ఎండ సంగతి మన ఓరుగల్లు వాళ్లకు చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో స్కూటీ మీద తిరిగి టాన్ అయిన ముఖానికి లేజర్ పెడితే ఆ మెలనిన్ అంతా వేడి తాగుతుంది, మంటా ఎక్కువే, మచ్చలూ ఎక్కువే. మీరు ఆషాఢంలో అడుగుతున్నారు, మంచి సమయమే. ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకొక సిట్టింగ్ చొప్పున మాఘం దాకా అయిదారు పడతాయి. ఏ సిట్టింగ్‌లోనైనా ఎదుగుతున్న దశలో ఉన్న వెంట్రుకలే పోతాయి కాబట్టి ఈ గ్యాప్ తగ్గించడానికి లేదు, పెళ్లి దగ్గరపడిందని వెంటవెంటనే చేస్తామంటే నమ్మకండి. చివరిది పసుపు ఫంక్షన్‌కు రెండు మూడు వారాల ముందే అయిపోవాలి. మచ్చేదైనా పడితే పెళ్లి ఫోటోల్లో కనిపిస్తుంది మరి. వెంట్రుక పలచబడేకొద్దీ నొప్పి కూడా తగ్గుతూ వస్తుంది, మొదటి సిట్టింగ్ చూసి బెదిరిపోవద్దు. నాకు నెలసరి ముందు రోజుల్లో ఎక్కువ చురుకు తెలిసేది, మీకూ అలాగే ఉంటే ఆ రోజులు తప్పించి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

హన్మకొండా హైదరాబాదా అంటే, మెషీన్ల కోసం హైదరాబాద్ పోవాల్సిన కాలం పోయింది. ప్రతిసారీ కాజీపేటలో రైలెక్కి, చేయించుకున్న ముఖంతో ఎండలో తిరిగి రావడం దండగ. అయితే ఎండీ డీవీఎల్ లాంటి చర్మవైద్య డిగ్రీ ఉన్న డాక్టర్ మొదటిసారి మీ ముఖం చూసి, సెట్టింగ్ రాసి, చెవి దగ్గర చిన్న చోట పరీక్షించి పంపే చోటుకే వెళ్లండి. పార్లర్లలో లేజర్ అని చెప్పి ఐపీఎల్ పెడతారు. అది లేజర్ కాదు, రకరకాల రంగులు కలిసిన కాంతి, మన రంగు మీద కాలే ప్రమాదం ఎక్కువ. కళ్లకు అడ్డం పెట్టకుండా మొదలుపెడితే లేచి వచ్చేయండి. మొత్తం ప్యాకేజీ డబ్బు ఒకేసారి కట్టొద్దు, సిట్టింగ్‌కు ఇంత అని మాట్లాడుకోండి.

పీసీఓడీ కాబట్టి హార్మోన్ పరీక్షలు, మందులు పక్కన నడవాల్సిందే. ప్రైవేటులో ఖర్చనుకుంటే వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంలో అడిగి చూడండి. హార్మోన్ అదుపులో లేకపోతే లేజర్ పాత వెంట్రుకలను తీస్తుంటే పక్కన కొత్తవి మొలుస్తుంటాయి. అందుకే ఎఫ్‌డీఏ కూడా దీన్ని శాశ్వతంగా తగ్గించడం అంటుందే గానీ పూర్తిగా పోగొట్టడం అనదు. నాకు ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయి చేయించుకోవాల్సి వస్తుంది.

చివర్లో మీ అమ్మగారి గడ్డం మీది తెల్ల వెంట్రుకల గురించి అడిగారు. వాటికి ఏ లేజరూ పనిచేయదు, పట్టుకోవడానికి మెలనిన్ లేదు. ఒక్కో కుదురులోకి సన్నటి సూది దించి కరెంటుతో మాడ్చే ఎలక్ట్రాలిసిస్ ఒక్కటే వాటిని శాశ్వతంగా పోగొట్టే దారి. అది మెల్లగా సాగే పని, నొప్పీ ఉంటుంది. నాలుగైదు వెంట్రుకలే అయితే దానికి వెళ్లొచ్చు, ఎక్కువుంటే ఆమెకు థ్రెడింగే నయం.