సూపర్‌చార్జర్ వేసిన ముస్టాంగ్ జీటీకి యాక్సిల్స్, డ్రైవ్‌షాఫ్ట్ కూడా మార్చాలా?

మీరు అడిగింది ఇది: 2016 ముస్టాంగ్ జీటీ, మాన్యువల్, వెనక 3.73 గేర్. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జర్‌తో ఇంజిన్ 700 హార్స్‌పవర్ దాటింది. వెనక హాఫ్ షాఫ్ట్‌లు (డిఫరెన్షియల్ నుంచి ఒక్కో వెనక చక్రానికి వెళ్లే యాక్సిల్ కడ్డీలు), డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కి వెళ్లే గొట్టం) రెండూ మార్చాలా, ముందు దేనికి డబ్బు పెట్టాలి?

వెనక ఏ టైర్లు వేశారో మీరు రాయలేదు. సగం జవాబు అక్కడే ఉంది. నాదీ అదే తరం జీటీ, మాన్యువలే. డాలస్‌కి దక్షిణంగా ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌ ట్రాక్‌కి డ్రాగ్ రన్స్ (తిన్నటి దారిలో టైము చూసే పరుగులు) కోసం వెళ్తుంటాను కాబట్టి ఈ విషయంతో బాగానే కుస్తీ పట్టాను.

ఒకసారి లెక్క వేసి చూడండి. కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్ టార్క్ (మెలితిప్పే బలం) 400 పౌండ్-ఫీట్. మొదటి గేర్ 3.66, వెనక గేర్ 3.73. మూడూ గుణిస్తే సుమారు 5,460, అంటే ఒక్కో చక్రానికి 2,730. ఇప్పుడు టైరు ఎంత మోయగలదో చూద్దాం. కారు బరువు దాదాపు 3,700 పౌండ్లు. లాంచ్‌లో, అంటే నిలబడ్డచోటు నుంచి దూకేటప్పుడు, అందులో 60 శాతం వెనక్కి పడుతుందనుకుంటే ఒక్కో చక్రం మీద 1,100 పౌండ్లు. మామూలు స్ట్రీట్ టైరు పట్టు దాదాపు తన మీదున్న బరువంతే ఉంటుంది. టైరు వ్యాసార్ధం సుమారు 1.15 అడుగులు. అంటే 1,265 పౌండ్-ఫీట్ దాటగానే టైరు తిరుగుడే.

సూపర్‌చార్జర్ లేకముందే మొదటి గేర్‌లో ఆ టైర్లు మోయగలిగినదానికి రెట్టింపు టార్క్ వస్తోందన్నమాట. అదే టైర్ల మీద పవర్ ఎంత పెంచినా, రోడ్డు వైపు నుంచి హాఫ్ షాఫ్ట్ మీద పడే నిలకడ భారం పెద్దగా పెరగదు. డ్రాగ్ రేడియల్స్ (పట్టు ఎక్కువుండే డ్రాగ్ టైర్లు) వేసి, సిద్ధం చేసిన ట్రాక్ మీదికి వెళ్లిన రోజున మాత్రం పెరుగుతుంది. పట్టు ఒకటిన్నర రెట్లు అయితే షాఫ్ట్ మీద పడేదీ ఒకటిన్నర రెట్లే.

అయితే స్ట్రీట్ టైర్ల మీద కూడా హాఫ్ షాఫ్ట్‌లు విరుగుతాయి. దానికి కారణం వీల్ హాప్. టైరు పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుంటూ వెనక భాగమంతా దడదడలాడుతుందే, అది. పట్టుకున్న ప్రతిసారీ తిరుగుతున్న ఫ్లైవీల్, క్లచ్, గేర్‌బాక్స్ బరువంతా ఒక్క దెబ్బగా షాఫ్ట్ మీద పడుతుంది. తాడు మెల్లగా లాగితే తెగదు, వదులు చేసి ఒక్క కుదుపు ఇస్తే తెగుతుంది. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఆ దెబ్బని కొంత మింగేస్తుంది. మన మాన్యువల్‌లో క్లచ్ టక్కున వదిలితే ఆ అవకాశం లేదు.

అందుకే నా సలహా, షాఫ్ట్‌ల కంటే ముందు వెనక సబ్‌ఫ్రేమ్ (డిఫరెన్షియల్, సస్పెన్షన్ బిగించి ఉండే చట్రం) సంగతి చూడండి. దాన్ని పట్టుకునే రబ్బరు బుషింగ్‌లు సాగి వెనక్కి రావడంతోనే హాప్ మొదలవుతుంది. నేను సబ్‌ఫ్రేమ్ కదలకుండా పట్టే లాకౌట్ కిట్, గట్టి డిఫరెన్షియల్ బుషింగ్‌లు వేయించాక అదే టైర్లతో హాప్ దాదాపు పోయింది. లోపలికి గేర్ల హోరు కొంచెం పెరిగింది, నాకది ఇబ్బంది అనిపించలేదు. హాప్ మొదలైతే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. ఆ రన్ పోతే పోనివ్వండి.

డ్రాగ్ రేడియల్స్ వేసే ఆలోచన ఉంటే హాఫ్ షాఫ్ట్‌లు మార్చాల్సిందే. మెలితిప్పే బలానికి షాఫ్ట్ ఎంత నిలుస్తుందనేది వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. లావు పది శాతం పెంచితే బలం మూడో వంతు పెరుగుతుంది. 4340 క్రోమోలీ, అంతకన్నా మేలైన 300ఎం లాంటి ఉక్కు వాడటం ఆ పైన లాభం. కొనేటప్పుడు కడ్డీ లావు ఒక్కటే చూడకండి. రెండు చివర్ల సీవీ జాయింట్‌లు (వంగుతూ తిరిగే కీళ్లు), హబ్ వైపు స్టబ్ (చక్రంలోకి దూరే పొట్టి కడ్డీ), స్ప్లైన్లు (దాని మీది పళ్లు) కూడా ఆ స్థాయివేనా అని అడగండి. లేకపోతే విరిగే చోటు పక్కకి జరుగుతుందంతే. ఎడమ, కుడి షాఫ్ట్‌లు వేర్వేరు లావుల్లో ఉంటే కంగారు పడొద్దు. రెండూ ఒకే లయలో మెలిపడకుండా, హాప్ తగ్గేలా 2009 క్యాడిలాక్ సీటీఎస్-వీలోనే అలా చేశారు.

డ్రైవ్‌షాఫ్ట్ కథ వేరు. అది డిఫరెన్షియల్‌కి ముందుంటుంది కాబట్టి 3.73 గుణకారం దాని మీద పడదు. దానికి అసలు పరీక్ష వేగం. మన టైర్లతో గంటకి 150 మైళ్ల దగ్గర అది నిమిషానికి దాదాపు 6,800 సార్లు తిరుగుతుంది. పొడవైన గొట్టం ఒక వేగం దాటితే మధ్యలో విల్లులా వంగి ఊగడం మొదలుపెడుతుంది. దాన్ని క్రిటికల్ స్పీడ్ అంటారు. పొడవు పెరిగేకొద్దీ అది వేగంగా పడిపోతుంది. కంపెనీ వాళ్లు రెండు ముక్కల షాఫ్ట్ పెట్టి మధ్యలో బేరింగ్ వేసింది ఇందుకే. ఒకే ముక్క అల్యూమినియం షాఫ్ట్ బరువు తగ్గిస్తుంది. కానీ అదే కొలతల్లో ఉక్కుకీ అల్యూమినియానికీ క్రిటికల్ స్పీడ్ దాదాపు సమానం. మేలు చేసేది గొట్టం లావు. కార్బన్ ఫైబర్‌కి మాత్రం ఇందులో నిజమైన ఆధిక్యం ఉంది. 662 హార్స్‌పవర్ ఉన్న 2013 షెల్బీ జీటీ500కి ఫోర్డ్ ఒకే ముక్క కార్బన్ షాఫ్ట్ పెట్టింది.

నేను మొదట అల్యూమినియం షాఫ్ట్ బిగించాక హైవే మీద సీటు కింద సన్నటి వణుకు వచ్చింది. తీసుకెళ్లి బ్యాలెన్స్ చేయిస్తే పోయింది. కాబట్టి మీ షాఫ్ట్‌ని ఎంత వేగం దగ్గర బ్యాలెన్స్ చేశారో కొనకముందే అడిగి కాగితం తీసుకోండి. బిగించేటప్పుడు పినియన్ యాంగిల్ (డ్రైవ్‌షాఫ్ట్ డిఫరెన్షియల్‌ని కలిసే కోణం) కొలిపించండి. డ్రైవ్‌షాఫ్ట్ బోల్టులు, వెనక యాక్సిల్ నట్‌లు కొత్తవే వాడండి.

సేఫ్టీ లూప్ (డ్రైవ్‌షాఫ్ట్ విరిగినా కింద పడకుండా దాని చుట్టూ బిగించే పట్టీ) మాత్రం మానొద్దు. ముందు జాయింట్ విరిగితే షాఫ్ట్ రోడ్డులో గుచ్చుకుని కారునే ఎత్తేయగలదు. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం స్లిక్స్ (గాళ్లు లేని రేస్ టైర్లు) మీద పావు మైలుని 13.99 సెకన్లలో, అంతకన్నా త్వరగా పరిగెత్తే కార్లకి లూప్ తప్పనిసరి. స్ట్రీట్ టైర్ల మీద 11.49, అంతకన్నా నెమ్మదిగా వెళ్లేవాటికి మినహాయింపు ఉంది. 10.99లోకి దిగితే బయటి కంపెనీ యాక్సిల్స్ కూడా ఉండాల్సిందే.

మీరు స్ట్రీట్ టైర్ల మీదే ఉండేటట్టయితే ఇప్పటికి సబ్‌ఫ్రేమ్ లాకౌట్, బుషింగ్‌లు చాలు, డ్రైవ్‌షాఫ్ట్ ఆగొచ్చు. డ్రాగ్ రేడియల్స్ అయితే హాఫ్ షాఫ్ట్‌లు, లూప్ వచ్చాకే టైర్లు ఎక్కించండి. టైరు సైజు, మీరు అందుకోవాలనుకుంటున్న టైము రాయండి, ఏ స్థాయి షాఫ్ట్‌లు సరిపోతాయో చెప్తాను.