పాప చేతిమీద గాయాలు... ఆస్పత్రికి తీసుకెళ్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర పని చేస్తారు. పాపకి పదహారేళ్లు. నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతోంది. పోయిన వారం వార్డెన్ ఫోన్ చేసి వెంటనే వచ్చి తీసుకెళ్లమన్నారు. వెళ్లి చూస్తే ఎడమ చేతిమీద తనకు తానే చేసుకున్న గాయాలు, కొన్ని మానిపోయినవి కూడా. ‘చచ్చిపోవాలని కాదమ్మా, తట్టుకోలేక’ అంటోంది. ‘పాపకి మానసిక సమస్య ఉంది, ఏం జరిగినా కాలేజీకి సంబంధం లేదు’ అని రాసి సంతకం పెట్టాలట, లేదంటే పోలీసులకి చెబుతారట. ఆస్పత్రికి పోతే ఆత్మహత్యాయత్నం కేసు రాస్తారు, రేపు నీట్‌కీ పెళ్లికీ అడ్డమవుతుంది, ఏఎస్‌పేట దర్గాకి తీసుకుపోండి అని మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు పాపని డాక్టరుకి చూపించండి. ఈ జవాబులో మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. నెల్లూరు పెద్దాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బయల్దేరేలోపు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. దర్గాకి వెళ్లడం మీ నమ్మకం, కాదనను. డాక్టరు తర్వాత వెళ్లండి.

కేసు సంగతి. తనను తాను గాయపరచుకోవడం ఒక్కటే అయితే అది ఏ సెక్షన్ కిందా నేరం కాదు. బావగారి మనసులో ఉన్నది ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ దాని కోరలు ఎప్పుడో పీకేసింది. అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిది అంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ 309 సెక్షనే లేదు. మిగిలింది 226 ఒక్కటి. ప్రభుత్వ ఉద్యోగిని విధి నుంచి ఆపడానికో, లొంగదీసుకోవడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే వర్తించేది. మీ పాపకీ దానికీ సంబంధమే లేదు.

గాయం చూసి క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకి తెలిపే గాయాల నమోదు) రాయొచ్చు, కానిస్టేబుల్ వచ్చి రెండు మాటలు అడగొచ్చు. అది పాప మీద కేసు కాదు, కంగారు పడకండి. పోలీసుల సంగతి తేలాకే వైద్యం అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అత్యవసర వైద్యం ముందు, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

ఇక రికార్డు భయం. అదే 2017 చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యం. జబ్బు పేరు చెప్పమని డాక్టరుని నిలదీసే హక్కు కాలేజీకి లేదు. సైకియాట్రిస్టుకి చూపించుకున్నవాళ్లు నీట్ రాయకూడదన్న చట్టమూ లేదు. చాలామంది పిల్లలకి ఓపీలోనే సరిపోతుంది. ఎప్పుడైనా అడ్మిట్ చేయక తప్పకపోతే మైనర్‌ని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, ఆడపిల్ల పక్కన తల్లో, ఇంకో ఆడమనిషో ఉండి తీరాలి.

ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే బెంబేలు పడకండి. హాస్టల్లో పిల్లని ఉంచుకున్నవాళ్ల బాధ్యత అమ్మానాన్నల సంతకంతో మాఫీ అయిపోదు. 2025 జులై 25న సుప్రీంకోర్టు సుక్‌దేబ్ సాహా కేసులో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద 15 మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చి చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసది. చట్టం వచ్చేదాకా అవి దేశమంతటా కాలేజీలకీ, కోచింగ్ సెంటర్లకీ, హాస్టళ్లకీ వర్తిస్తాయి. వందమంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్‌ కానీ, సైకాలజిస్టు కానీ, సోషల్ వర్కర్ కానీ ఉండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. పిల్ల ఇబ్బందిలో ఉందని తెలిస్తే వెంటనే వైద్యానికి పంపే పద్ధతి రాతలో ఉండాలి. నెల్లూరు ఎండల్లో ఒక పిల్ల రోజూ ఫుల్ హ్యాండ్స్ వేసుకు తిరుగుతుంటే ఎందుకని అడిగినవాళ్లే లేరా అక్కడ? పాత గాయాలు మానేదాకా ఎవరి కంటా పడలేదంటే జవాబు చెప్పాల్సింది మీరు కాదు.

ప్రిన్సిపాల్‌కి తెల్లకాగితం మీద ఇలా రాయండి: ‘మా అమ్మాయి గాయాలు మొదట ఎప్పుడు, ఎవరి దృష్టికి వచ్చాయి? కౌన్సెలర్‌కి చూపించారా? చూపిస్తే ఏ తేదీన? ఆమె బ్యాచ్ ఏమైనా మార్చారా? మారిస్తే ఏ బ్యాచ్‌ నుంచి ఏ బ్యాచ్‌కి? వైద్యానికి పంపకుండా ఇంటికి పంపడానికి కారణం రాతపూర్వకంగా తెలపండి.’ తిట్లూ బెదిరింపులూ వద్దు. రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని ఇంట్లో దాచండి. ముద్ర వేయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. పోలీసులకి చెబుతామన్న బెదిరింపు ఆ కాగితంతోనే చల్లబడుతుందని నా నమ్మకం.

పాప మనసు కుదుటపడ్డాక మెల్లగా అడగాల్సింది ఇంకోటుంది: అక్కడ ఎవరైనా కొట్టారా, ఏడిపించారా, చెయ్యి వేశారా? లైంగిక వేధింపు అయితే పిల్లల్ని అలాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, పరువు కోసం కాలేజీ దాస్తే అదీ నేరమే. సిబ్బంది పెట్టిన హింస అయితే బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థ సిబ్బందికి ఐదేళ్లదాకా జైలు. ఇందుకు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

లాయరుగా కాకుండా రెండు మాటలు. వచ్చిన ప్రతి చుట్టానికీ పాప చెయ్యి చూపించకండి. ‘ఇంకెప్పుడూ చేయనని నా మీద ఒట్టెయ్యి’ అని అడగకండి, ఈసారి చేసుకుంటే మీకు చెప్పకుండా దాస్తుంది. చనిపోవాలని కాదన్న మాట నిజమే కావచ్చు. భరించలేని బాధని ఆ కాసేపు ఆపుకోవడానికి ఇలా చేసుకునే పిల్లలు చాలామంది ఉంటారు. అయినా ఇలాంటివాళ్లకి తర్వాత ప్రాణాపాయం ఎక్కువ కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో మాత్రలు, గుంటలకి వాడే మందులు ఈరోజే తాళంలో పెట్టించండి.

కాలేజీ జవాబివ్వకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మీ కాపీ జతచేసి అర్జీ ఇవ్వండి. మార్గదర్శకాల అమలు చూసే జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షత వహించాలని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అర్జీలో ఆ కేసు పేరు రాయండి. లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100.