స్పోకెన్ ఇంగ్లిష్ కంటే ముందు వార్డు ఇంగ్లిష్

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఇంటర్వ్యూలో తన గురించి బాగానే చెప్పింది. ‘నువ్వు చూసిన ఒక పేషెంట్‌ను నాకు హ్యాండోవర్ ఇవ్వు’ (అంటే షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ సంగతులు తర్వాతి నర్సుకు చెప్పి అప్పగించడం) అనగానే నోరు పెగల్లేదట. మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పించమంటారా? తర్వాత యూకే వెళ్లాలని తన కోరిక. – ఒక తండ్రి, మంచిర్యాల

జవాబు: లోపం ఎక్కడుందో ఆ ఇంటర్వ్యూ చేసినవాళ్లే చెప్పేశారండీ. తన గురించి చెప్పడం బట్టీ పట్టొచ్చు, హ్యాండోవర్ పట్టలేం. స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లలో నేర్పేది చాలావరకు ఆ మొదటిదే. కాలేజీ సంగతీ అంతే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో మార్చిన సిలబస్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ మొదటి సెమిస్టర్‌లోనే అయిపోతుంది. వార్డు డ్యూటీలు ముదిరేసరికి ఇంగ్లిష్ క్లాసు ఉండదు.

హైదరాబాద్ వార్డులో ఒక్క షిఫ్ట్ చూడండి. పేషెంట్ తెలుగులోనో ఉర్దూలోనో బాధ చెబుతాడు. పక్క బెడ్ చూసే కేరళ సిస్టర్‌తో హిందీ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడాలి. డాక్టర్‌కు ఫోన్‌లో ఇంగ్లిష్, కేస్‌షీట్‌లో ఇంగ్లిష్. అందుకే ‘తెలుగు పక్కన పెట్టు, ఇంగ్లిష్‌లోనే ఆలోచించు’ అనే సలహా నర్సుకు పనికిరాదు. ఓ పెద్దాయన ‘ఛాతీలో గ్యాస్ పట్టేసింది’ అంటే గ్యాస్ అని రాసి ఊరుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. నొప్పి ఎప్పటి నుంచి, చెయ్యి లాగుతోందా, చెమటలు పడుతున్నాయా అని ఆయన భాషలో అడిగి, రెండు మూడు ఇంగ్లిష్ వాక్యాల్లో డాక్టర్‌కు చేర్చాలి. ఇక్కడ మీ అమ్మాయి తెలుగు ఆమెకు బలమే.

హ్యాండోవర్‌కు ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళంలో మొదలై ఆసుపత్రులకు వచ్చింది. ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనకటి కథ ఏమిటి, నా అంచనా ఏమిటి, ఏం చేయాలంటాను అన్న నాలుగే ముక్కలు. రోజూ డ్యూటీ అయ్యాక ఒక కేసును ఈ వరసలో ఒక నిమిషంలో చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకుని, తనే వినమనండి. పేషెంట్ పేరు మాత్రం రికార్డులో ఉండకూడదు.

ఇక ఫోన్‌లో ఆర్డర్లు. డాక్టర్ చెప్పింది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఔననిపించుకోవాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని అంకెలు విడగొట్టి చెప్పడం అలవాటు కావాలి. సరిగ్గా వినపడకపోతే మళ్లీ అడగడానికి చాలామంది పిల్లలు భయపడతారు. అడిగే వాక్యాలు నాలుగైదు నాలుక మీద ఉంటే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

వ్యాకరణం అక్కర్లేదా అంటే, కాలాలు కచ్చితంగా రావాలి. మందు ‘ఇచ్చాను’ అనాల్సిన చోట ‘ఇస్తాను’ అని రాస్తే తర్వాతి షిఫ్ట్ వాళ్లు ఇంకో డోసు ఇచ్చేస్తారు! యాస గురించి మాత్రం బెంగ వద్దు, అర్థమైతే చాలు.

ఇంగ్లిష్ వచ్చని చూపడానికి యూకే నర్సింగ్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అనే రెండు పరీక్షలనూ ఒప్పుకుంటుంది. నేనైతే ఓఈటీ వైపే మొగ్గుతాను. ఫీజు బాగా ఎక్కువే కానీ పరీక్ష వైద్యరంగం వాళ్ల కోసం చేసింది. కేస్ నోట్స్ చదివి 45 నిమిషాల్లో ఉత్తరం రాయాలి, పేషెంట్‌తో మాట్లాడినట్టు రెండు రోల్‌ప్లేలు చేయాలి. యూకేకు రాయడంలో సీ ప్లస్ గ్రేడు, మిగతా మూడింటిలో (వినడం, చదవడం, మాట్లాడడం) బీ గ్రేడు కావాలి. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఇప్పుడే రాయించకండి, ముందు ఏడాదిన్నర వార్డులో పని చేయనివ్వండి. జర్మనీ ఆలోచన ఉంటే ఇంగ్లిష్ చాలదు, జర్మన్ నేర్చుకోవాల్సిందే. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి.

స్పోకెన్ కోర్సుకు ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటే మానిపించనక్కర్లేదు. ‘నా అభిరుచులు’ బదులు రోజూ ఒక హ్యాండోవర్ చెప్పిస్తారా అని అక్కడి టీచర్‌ను అడగండి. ఒప్పుకోకపోతే మిగతా ఫీజు కట్టకండి.